వర్జీనియా నుంచి పత్తికొండ దాకా...

అమెరికాలో యుద్ధం వచ్చి పొగాకు వ్యాపారం కుప్పకూలింది. గ్లాస్గోలో ఒక కుటుంబం దివాలా తీసింది. ఆ ఇంటి కుర్రాడు బతుకుతెరువు కోసం మద్రాసు ఓడెక్కాడు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి రాయలసీమ చేలన్నీ గొలుసు పెట్టి కొలిపించాడు. కడప, కర్నూలు పల్లెల్లో కథగా మిగిలిన 'మన్రో దొర' వెనక ఉన్న అమెరికా సంగతి ఇది.

కర్నూలు నుంచి పత్తికొండ వెళ్లే దారిలో నల్లరేగడి, ఎర్రనేల పోటీపడి కనిపిస్తుంటాయి. మధ్యమధ్య రాళ్ల గుట్టలు. వానకాలం ముందు వస్తే చేలన్నీ దున్ని ఎదురుచూస్తుంటాయి. మొగులు వైపు చూడని మనిషి ఉండడు. తొలకరి పడితే చాలు, తుగ్గలి, జొన్నగిరి చుట్టుపక్కల చేలల్లో వజ్రాల కోసం తలలు వంచుకుని తిరిగే జనం కనిపిస్తారు. పత్తికొండకు చేరితే టమోటా మార్కెట్ సందడి. ధర పలికిన రోజు పండగ, పలకని రోజు రోడ్డు పక్కన పారబోసిన ఎర్రటి గుట్టలు.

1827 జులై 6న ఈ ఊళ్లోనే మద్రాసు గవర్నరు కన్నుమూశాడు. పేరు సర్ థామస్ మన్రో. పొద్దున కలరా సోకింది, రాత్రికల్లా ప్రాణం పోయింది. పదవి దిగి స్వదేశానికి వెళ్లబోయే ముందు, తాను ఒకప్పుడు కలెక్టరుగా పనిచేసిన సీమను చివరిసారి చూసిపోదామని వచ్చిన మనిషి ఇక్కడే ఆగిపోయాడు. ఆయన జ్ఞాపకంగా ప్రభుత్వం పత్తికొండలో చెట్ల తోపు నాటించింది, రాతిమెట్ల బావి తవ్వించింది. నీళ్లకు అల్లాడే సీమలో బావిని మించిన స్మారకం ఏముంటుంది!

ఇంతవరకూ చాలామందికి తెలిసిన కథే. అసలు మన్రో ఈ సీమకు ఎందుకొచ్చాడన్నదే తెలియని కథ. అది తెలియాలంటే అట్లాంటిక్ దాటి వెళ్లాలి.

రెండు కంపెనీలు, ఒకరే పెద్ద

ఇండియాకు వచ్చిన ఈస్టిండియా కంపెనీకి ఇంగ్లండు రాణి పట్టా ఇచ్చింది 1600 డిసెంబరు 31న. మరో ఆరేళ్లకు, 1606లో, అమెరికా తీరంలో స్థిరపడేందుకు వర్జీనియా కంపెనీకి అనుమతి దొరికింది. లండన్ వర్తకులు వాటాలు వేసుకుని పెట్టిన సంస్థలే రెండూ. సర్ థామస్ స్మిత్ అనే వ్యాపారి ఈస్టిండియా కంపెనీకి మొట్టమొదటి గవర్నరు. కొన్నేళ్ల తర్వాత వర్జీనియా కంపెనీని నడిపిందీ ఆయనే. ఒకే చేత్తో ఒక ఓడను తూర్పుకు, ఇంకో ఓడను పడమరకు పంపించాడన్నమాట.

పడమరకు వెళ్లినవాళ్లు 1607లో జేమ్స్‌టౌన్ కట్టుకున్నారు. తూర్పుకు వచ్చినవాళ్లు 1611లో మన మచిలీపట్నంలో దిగి వర్తకస్థావరం పెట్టారు. మచిలీపట్నంలో దిగినవాళ్లకు కావలసింది బట్టలు. నేసేవాళ్లు ఇక్కడ ఉన్నారు, కొనుక్కుని వెళితే చాలు. జేమ్స్‌టౌన్‌లో అమ్మకానికి ఏ సరుకూ లేదు. బంగారం దొరుకుతుందని వెళ్లినవాళ్లకు ఆకలి దొరికింది. 1609-10 చలికాలం గడిచేసరికి కోటలో మిగిలింది అరవై మంది. 1612 ప్రాంతంలో జాన్ రాల్ఫ్ అనే ఆయన పొగాకు వేశాడు. అది లండన్‌లో బాగా అమ్ముడుపోయింది. అంతే... వర్జీనియా బతికిపోయింది.

పొగాకు వేయడానికి భూమి కావాలి. పౌహటన్ తెగల భూమి ఉంది కదా! సొంత ఖర్చుతో వచ్చిన ఒక్కో మనిషికి యాభై ఎకరాల చొప్పున ఇచ్చే పద్ధతి 1618లో మొదలైంది. 1622లో, మళ్లీ 1644లో ఆ తెగలు తిరగబడ్డాయి, ఓడిపోయాయి. పనిచేయడానికి మనుషులు కావాలి. 1619లో ఆఫ్రికా నుంచి బంధించి తెచ్చినవాళ్లను అక్కడ దింపారు. పొగాకు ఆకు వెనక ఇన్ని ఉసుర్లు ఉన్నాయి.

ఎవరి సీమ వాళ్లది

అమెరికాకు వెళ్లినవాళ్లంతా 'ఇంగ్లీషువాళ్లు' అని మనం ఒకే గాటన కట్టేస్తాం. వాళ్లు ఒక సీమవాళ్లు కారు. 'అల్బియన్స్ సీడ్' అనే పుస్తకంలో (1989) డేవిడ్ హాకెట్ ఫిషర్ అనే చరిత్రకారుడు ఈ లెక్క తేల్చాడు. ఇంగ్లండు తూర్పు జిల్లాల నుంచి మతనిష్ఠ ఎక్కువున్న ప్యూరిటన్లు మసాచుసెట్స్‌కు వెళ్లారు. తమ ఊరి పేర్లనే అక్కడా పెట్టుకున్నారు. అమెరికా బోస్టన్‌కు ఆ పేరు ఇంగ్లండులోని లింకన్‌షైర్ బోస్టన్ నుంచే వచ్చింది. దక్షిణ, నైరుతి జిల్లాల జమీందారీ కుటుంబాలవాళ్లు, వాళ్ల పనివాళ్లు వర్జీనియా చేరారు. ఉత్తర మధ్య జిల్లాల క్వేకర్లు పెన్సిల్వేనియా వైపు నడిచారు. స్కాట్లండు సరిహద్దువాళ్లు, ఐర్లండు ఉత్తరభాగం నుంచి వచ్చినవాళ్లు కొండల్లోకి వెళ్లారు. యాస, వంట, ఇల్లు కట్టే తీరు, బిడ్డకు పేరు పెట్టే పద్ధతి, చివరికి పగ పట్టే పద్ధతి కూడా ఎవరివి వాళ్లు మూటగట్టుకుని వెళ్లారని ఫిషర్ వాదన. అన్నింటికీ ఈ లెక్క సరిపోదని ఇతర చరిత్రకారులు అన్నారు. అయినా మూలసూత్రం మనకు కొత్తేం కాదు. కడపవాళ్లు ఎక్కడికెళ్లినా సంగటి, చెనిక్కాయల ఊరిబిండి వదులుతారా? మాట వినగానే ఇది కోస్తానా, సీమా అని చెప్పేయమూ!

అమెరికాకూ మన తీరానికీ ముడిపడిన మొదటి మనిషి కూడా ఈ బాపతే. ఎలిహు యేల్ 1649లో మసాచుసెట్స్ బోస్టన్‌లో పుట్టాడు. పెద్దలది వేల్స్. చిన్నప్పుడే ఇంగ్లండు చేరి, 1672లో కంపెనీ గుమస్తాగా మద్రాసు వచ్చి, 1687 నుంచి 1692 దాకా అక్కడ గవర్నరుగా ఉన్నాడు. వజ్రాల వ్యాపారం చేశాడు, అక్రమాల ఆరోపణలతో పదవి పోగొట్టుకున్నాడు. లోకం గోల్కొండ వజ్రాలని పిలిచినవాటిలో కొన్ని కర్నూలు సీమ నేలలోవే. ఆయన తర్వాత పంపిన పుస్తకాలు, బట్టల బేళ్లు అమ్మితే వచ్చిన సొమ్ముతో 1718లో ఒక కాలేజీకి ఆయన పేరు పెట్టారు. మన పిల్లలు సీటు కోసం కలలుగనే యేల్ విశ్వవిద్యాలయం అదే.

దివాలా తీసిన ఇల్లు

1707లో స్కాట్లండు, ఇంగ్లండు ఒకే రాజ్యమయ్యాయి. దాంతో ఇంగ్లండు వలసలతో వ్యాపారం చేసే తలుపు స్కాట్లండు వర్తకులకూ తెరుచుకుంది. గ్లాస్గో రేవు నుంచి వర్జీనియాకు ఓడలు నడిచాయి. 18వ శతాబ్దం మధ్యకు పొగాకు వర్తకులు ఆ ఊరికి దొరలయ్యారు. 'పొగాకు ప్రభువులు' అనే పేరే వచ్చింది వాళ్లకు. గ్లాస్గోలో వర్జీనియా వీధి ఇప్పటికీ ఉంది.

అలాంటి వర్తకుల్లో అలెగ్జాండర్ మన్రో ఒకరు. ఆయన కొడుకు థామస్ 1761 మే 27న పుట్టాడు. చదువులో చురుకు. పదహారేళ్ల వయసులో 'డాన్ క్విక్సోట్' నవలను మూలంలోనే చదవాలని స్పానిష్ నేర్చుకున్నాడు. సాఫీగా జరిగి ఉంటే తండ్రి కొట్లో కూర్చుని పొగాకు లెక్కలు రాసుకునేవాడే.

కానీ 1775లో అమెరికా వలసలు ఇంగ్లండు మీద తిరగబడ్డాయి. 1776లో స్వాతంత్య్రం ప్రకటించుకున్నాయి. పొగాకు ఓడలు ఆగాయి. వర్జీనియా వాళ్ల దగ్గర అప్పులు ఇరుక్కుపోయాయి. అలెగ్జాండర్ మన్రో దివాలా తీశాడు. పిల్లలకు దారి చూపించాలి. ఇక మిగిలింది ఇండియానే. థామస్ కంపెనీ సైన్యంలో కాడెట్‌గా చేరి, 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. అప్పటికి పంతొమ్మిదేళ్లు నిండలేదు.

పడమటి ఓడ ఆగిపోతే తూర్పు ఓడ ఎక్కిన కుర్రాడన్నమాట!

అక్కడ ఓడి, ఇక్కడ గెలిచి

మన్రో ఒక్కడే కాదు. అమెరికాలో చెడి ఇండియాలో బాగుపడినవాళ్లలో అందరికంటే పెద్దవాడు కారన్‌వాలిస్. 1781 అక్టోబరులో వర్జీనియాలోని యార్క్‌టౌన్ దగ్గర జార్జి వాషింగ్టన్ సేనలకు, ఫ్రెంచి సేనలకు లొంగిపోయిన ఇంగ్లీషు సేనాని ఆయనే. అమెరికా చేజారినట్టేనని తేలింది అక్కడే. అదే కారన్‌వాలిస్ 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. 1792లో శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ మెడలు వంచి సగం రాజ్యం రాయించుకున్నాడు. ఆ పంపకాల్లో కడప, గండికోట నిజాం వాటాకు వచ్చాయి.

1799లో టిప్పు చనిపోయాక నిజాంకు ఇంకొన్ని తాలూకాలు దక్కాయి. తనకు కాపలాగా ఉండే కంపెనీ సైన్యం ఖర్చు కింద 1800 అక్టోబరు 12న నిజాం వాటన్నింటినీ కంపెనీకి రాసిచ్చేశాడు. కడప, బళ్లారి, అనంతపురం, ఇప్పటి కర్నూలు, నంద్యాల జిల్లాల్లో చాలా భాగం అలా చేతులు మారింది. అడిగినవాళ్లు లేరు, చెప్పినవాళ్లు లేరు. కర్నూలు పట్నం మాత్రం 1839 దాకా నవాబు చేతిలోనే ఉంది. రాసిచ్చిన సీమకు 'దత్తమండలం' అని పేరు పడింది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు 'రాయలసీమ' అనే పేరు సూచించేదాకా ఆ దత్తత పేరే నడిచింది.

ఆ దత్తమండలానికి మొదటి ప్రధాన కలెక్టరు... థామస్ మన్రో.

గుడారాల్లో ఏడేళ్లు

మన్రో వచ్చేనాటికి ఈ సీమలో దాదాపు ఎనభై మంది పాలెగాళ్లున్నారు. ఒక్కొక్కరికీ ఒక కోట, కొంత బలగం. శిస్తు వాళ్లే వసూలు చేసుకునేవాళ్లు. మన్రో, జనరల్ కాంబెల్ కలిసి ఏడాదిన్నరలో వాళ్ల బలాన్ని విరిచేశారు. కొందరి కోటలు కూలాయి, కొందరు పారిపోయారు, కొందరికి నెలసరి భరణాలు ఏర్పాటయ్యాయి. ఇంత దురుసుగా వ్యవహరించాలా అని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే ఆయనను మందలించారు.

భరణాల సంగతి అంతటితో అయిపోలేదు. మన్రో పోయిన పంతొమ్మిదేళ్లకు, 1846లో, అలాంటి భరణం దగ్గర జరిగిన అవమానమే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు ఒక కారణమైంది. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు. జనం భయపడాలని తలను ఏళ్ల తరబడి కోట దగ్గర వేలాడదీశారు.

తిరగబడింది పాలెగాళ్లే కాదు. పత్తికొండకు దగ్గర్లోనే, ఇప్పటి దేవనకొండ మండలంలో తెర్నేకల్ ఉంది. 1801లో ఆ ఊళ్లో శిస్తు గొడవ ముదిరి రెవెన్యూ అధికారి ప్రాణం పోయింది. కంపెనీ సిపాయిలు ఊరి మీదికి వచ్చారు. కోటగోడల వెనక నుంచి రైతులు ఎదురు నిలిచారు. మొదట ఊరు లొంగలేదు. ఫిరంగులు తెచ్చాక గానీ పని కాలేదు. మన్రో కథ చెప్పేటప్పుడు తెర్నేకల్‌ను వదిలేస్తే కథ సగమే.

కోటలు పోయాక కొలతలు మొదలయ్యాయి. మన్రో బంగళా కట్టుకోలేదు. ఊరూరా గుడారాలు వేసుకుంటూ తిరిగాడు. 1802 నుంచి సర్వే నడిచింది. కొలిచింది ముప్ఫైమూడు అడుగుల గొలుసుతో. ఆ గొలుసు పొడవు, అంతే వెడల్పు ఉంటే ఒక గుంట. నలభై గుంటలు ఎకరా. ఇంగ్లండులో ఎడ్మండ్ గుంటర్ అనే మతగురువు 1620లో వాడుకలోకి తెచ్చిన అరవై ఆరు అడుగుల గొలుసులో ఇది సరిగ్గా సగం. స్వతంత్ర అమెరికా 1785లో తన కొత్త భూములను చదరాలుగా కోసింది గుంటర్ గొలుసుతోనే. ఒకే గొలుసు కుటుంబం ఇటు పెన్నా ఒడ్డునా, అటు ఒహాయో ఒడ్డునా నేలను కొలిచిందన్నమాట!

తేడా ఒకటుంది. అక్కడ కొలిచి కొత్తగా వచ్చినవాళ్లకు పంచారు. పాతవాళ్లను వెళ్లగొట్టారు. ఇక్కడికి సేద్యం చేయడానికి ఇంగ్లీషు రైతు ఎవరూ రాలేదు. సేద్యం చేసేవాళ్లను ఉంచారు, భూమినీ ఉంచారు. పంటలో వాటా తీసుకున్నారు.

నూటికి నలభై ఐదు

ఆ వాటా ఎంత? కారన్‌వాలిస్ 1793లో బెంగాల్‌లో జమీందార్లను మధ్యలో పెట్టి, శిస్తు శాశ్వతంగా ఖాయం చేశాడు. మన్రో దానికి ఒప్పుకోలేదు. మధ్యలో ఎవరూ వద్దు, ప్రతి రైతుతో సర్కారే నేరుగా లెక్క చూసుకోవాలన్నాడు. రైతు పేరిట పట్టా, చేనుకో శిస్తు. దీన్నే రైత్వారీ అన్నారు. ఈనాటికీ సీమలో పట్టాదారు పాసుపుస్తకం చేతిలో పట్టుకుని ఆఫీసు మెట్లెక్కే రైతు, ఆ ఏర్పాటుకు వారసుడే.

వినడానికి బాగుంది. కానీ ఆనాడు కట్టిన శిస్తు పంటలో నూటికి నలభై ఐదు వంతుల దాకా ఉంది. అది ఎక్కువని మన్రోకే తెలుసు. 1807లో, సెలవు మీద స్వదేశానికి వెళ్లేముందు, శిస్తులో పాతిక శాతం తగ్గించాలని రాశాడు. అంటే పంటలో మూడోవంతుకు దిగుతుంది. పై అధికారులు ఒప్పుకోలేదు. రైత్వారీనే పక్కన పెట్టి ఊళ్లను గుత్తలకు ఇచ్చారు. గుత్తదార్లు పిండినంత పిండారు. రైతులు, ఊళ్లు చితికిపోయాయి. మన్రో 1820లో గవర్నరుగా తిరిగొచ్చాక గానీ ఆ తగ్గింపు అమలుకు రాలేదు.

మూడోవంతు కూడా చిన్న మాట కాదు. పైగా రొక్కంగా కట్టాలి. వాన పడినా పడకున్నా కిస్తీ రోజు ఆగదు. మాఫీ కావాలంటే అధికారి దయ. 1876-78 ధాత కరువులో ఈ సీమ ఎలా ఎండిందో, ఎందరు పోయారో పెద్దల నోట ఇంకా వినిపిస్తుంది. అందుకే మన్రోను దేవుడిని చేసినవాళ్ల మాటా వినాలి, శిస్తు కట్టలేక వలసపోయినవాళ్ల మాటా వినాలి. తనముందున్నవాళ్లతో, తన తర్వాతివాళ్లతో పోలిస్తే రైతు గడపదాకా వెళ్లి మాట్లాడిన దొర. అయినా కంపెనీ ఖజానా నింపడానికి వచ్చిన దొరే.

బంగారు తోరణం

జనం మాత్రం ఆయన చుట్టూ కథలు అల్లుకున్నారు. కొడుకులకు మన్రోలప్ప, మన్రోలయ్య అని పేర్లు పెట్టుకున్నారు. ఇంగ్లీషు పేరుకు అప్ప, అయ్య తగిలించి ఇంటివాడిని చేసుకోవడం సీమకే చెల్లింది.

మంత్రాలయంలో ఒక కథ. మఠం ఇనాం భూములను సర్కారు వెనక్కి తీసుకునే ప్రశ్న వచ్చినప్పుడు మన్రో విచారణకు వెళ్లాడట. చెప్పులు, టోపీ తీసి బృందావనం ముందు నిలబడితే రాఘవేంద్రస్వామి ఆయనకు కనిపించి మాట్లాడారట. పక్కనున్నవాళ్లకు ఎవరూ కనిపించలేదు, దొర ఎవరితోనో మాట్లాడుతున్నట్టు మాత్రం తెలిసింది. భూములు మఠానికే ఉండిపోయాయి.

తిరుమలలో ఇంకో కథ. కడుపునొప్పి తగ్గిందని నైవేద్యానికి పెద్ద గంగాళం సమర్పించాడని చెబుతారు. 'మన్రో గంగాళం' అనే పేరు అలా వచ్చింది.

అన్నింటిలోకీ గుండె తట్టేది కడప జిల్లా గండి కథ. చక్రాయపేట మండలంలో పాపాఘ్ని నది కొండను చీల్చుకుని బయటికి వస్తుంది. ఒడ్డున వీరాంజనేయస్వామి గుడి. లంకకు వెళ్లి తిరిగొచ్చిన రాముడికి స్వాగతంగా వాయుదేవుడు ఈ రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టాడని స్థలపురాణం. అది మామూలు కళ్లకు కనిపించదు. కనిపిస్తే ఆ మనిషి పుణ్యాత్ముడు... కానీ ఎక్కువ రోజులు బతకడు. మన్రో అటుగా వెళుతూ తలెత్తి, 'ఆ తోరణం ఎవరు కట్టారు?' అని అడిగాడట. వెంట ఉన్నవాళ్లకు ఏమీ కనిపించలేదు. ముసలి నౌకరు ఒకడు మాత్రం తల దించుకున్నాడట. తర్వాత పత్తికొండలో కలరా.

చరిత్రకారుడు దీన్ని నమ్మనక్కర్లేదు. పరాయి దొర చావుకు కూడా ఒక అర్థం ఉండాలని కోరుకున్న పల్లె మనసు మాత్రం ఇందులో నిజం.

గవర్నరు మాట విన్న కుర్రాడు

మన్రో ఈ సీమకు ఇచ్చిన మంచి కానుక ఒకటి భూమితో సంబంధం లేనిది. 1820 జూన్‌లో మద్రాసు కాలేజీలో పరీక్షలు ముగించిన కుర్ర సివిల్ ఉద్యోగుల ముందు కొత్త గవర్నరు ప్రసంగించాడు. ప్రజల భాష రానివాడు ప్రజలను పాలించలేడన్నది ఆ మాటల సారం. విన్నవాళ్లలో ఇరవై ఒక్క ఏళ్ల ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఉన్నాడు. ఆగస్టులో కడపలో కలెక్టరు కింద ఉద్యోగంలో చేరాడు. తెలుగు బాగా నేర్చుకోవడం మొదలుపెట్టింది ఇక్కడే.

తర్వాత కథ అందరికీ తెలిసిందే. కడప ఎర్రముక్కపల్లెలో బంగళా కొని, పండితులను జీతమిచ్చి కూర్చోబెట్టి, తాళపత్రాలకు సాపు ప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు. 1852లో తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు తెచ్చాడు. అప్పుల పాలయ్యాడు కూడా. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పూనికతో గ్రంథాలయంగా మొదలై, 2006 నుంచి యోగి వేమన విశ్వవిద్యాలయం నీడలో నడుస్తోంది.

ఇప్పుడు ఓడ అటు తిరిగింది

జేమ్స్‌టౌన్‌కు వెళ్లిన ఇంగ్లీషువాళ్లు పొగాకుతో నిలబడితే, ఆ ఖండం పంటలే సముద్రాలు దాటి సీమను ఆక్రమించుకున్నాయి. మిరప, చెనిక్కాయ, మొక్కజొన్న, టమోటా... అన్నీ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు ఓడల్లోనో, ఇంకో దారినో వచ్చినవే. మన్రో గొలుసు పెట్టిన మెట్టచేలల్లో ఇప్పుడు పరుచుకున్నది చెనిక్కాయ. ఆయన ప్రాణం విడిచిన ఊరికి ఈనాడు పేరు తెచ్చింది టమోటా. మారనిదల్లా ఒకటే. పంట పండిస్తే ధర లేదు, ధర ఉంటే పంట లేదు.

అందుకే మనుషులూ కదిలారు. కడప, కర్నూలు, నంద్యాల పల్లెల్లో ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు అమెరికాలో ఉన్నారు. ఉత్తర వర్జీనియాలో ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. చేను అమ్మో, బ్యాంకులో పెట్టో పంపిన పిల్లలు. ఒక తండ్రి వర్జీనియా వ్యాపారంలో చితికిపోయి కొడుకును ఇటు పంపాడు. రెండు శతాబ్దాలకు వానలేక చితికిన తండ్రులు కొడుకులను, కూతుళ్లను వర్జీనియాకు పంపుతున్నారు. ఆ పిల్లలు మాత్రం ఎవరి నేలా కొలవడానికి వెళ్లడం లేదు. వీసా గడువు లెక్కపెట్టుకుంటూ వెళుతున్నారు.

చూడాలంటే...

పత్తికొండకు కర్నూలు, గుత్తి, ఆదోనిల నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి. చుట్టుపక్కల ఒకరోజు తిరగొచ్చు. జొన్నగిరికి దగ్గర్లో ఎర్రగుడి వద్ద అశోకుడి శాసనాలున్న బండలు ఉన్నాయి. మన్రోకంటే రెండు వేల ఏళ్ల ముందు ఈ దారిన తన మాట పంపిన పాలకుడి రాతలవి.

పత్తికొండలో చనిపోయిన మన్రోను మర్నాడు గుత్తికి తీసుకెళ్లి కొండకోట కింది శ్మశానంలో పాతిపెట్టారు. 1831లో అస్థికలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. గుత్తిలో సమాధి చోటు, ఎక్కేందుకు ఓపిక ఉంటే అద్భుతమైన కోట చూడొచ్చు. గుత్తి రైల్వే జంక్షన్ కూడా. చెన్నై మౌంట్‌రోడ్డులో చాంట్రీ చెక్కిన మన్రో గుర్రపు విగ్రహం 1839 నుంచి నిలబడి ఉంది. జీను, రికాబులు లేని గుర్రం అది.

గండికి కడప నుంచి, వేంపల్లె నుంచి బస్సులు దొరుకుతాయి. శ్రావణ శనివారాల్లో జనం కిటకిటలాడతారు. పాపాఘ్నిలో నీళ్లుంటే సాయంత్రం వెళ్లండి. రెండు కొండల మధ్య ఎండ బంగారురంగుకు తిరిగే వేళ, కాసేపు తలెత్తి చూడని యాత్రికుడు ఉండడు. ఏదీ కనిపించలేదని నవ్వుకుంటూ, కాస్త ఊపిరి పీల్చుకుని, గుళ్లోకి నడుస్తారు.